ఉర్లగడ్డలు కోస్తూ ఏడ్చిన కోడలు

ఇట్లా దగ్గరికి జరగండమ్మా. నువ్వు కూడా రా నాయనా, ఆ ఫోను కాసేపు బోర్లా పెట్టు. ఇది గొంతు పెంచి చెప్పే కథ కాదు. ఒక ఆడమనిషి తలలో, ఒక బస్సులో, మైదుకూరు దాటినప్పటి నుంచి కడప వచ్చేదాకా గంటసేపు తిరిగిన కథ. బయట జరిగేది పెద్దగా ఏమీ లేదు, బస్సు పోతుంది, అంతే. లోపల మాత్రం ముప్పై ఏళ్ళు ముందుకీ వెనక్కీ నడిచాయి. మధ్యలో ఎవరో ఒకరు ఊ కొట్టండి, లేకపోతే నేనే దారి తప్పుతాను.

ఆమె పేరు శివకుమారి. కథలకు బొమ్మలు వేస్తుంది. వారపత్రికలో కథ పక్కన బొమ్మ ఉంటుంది కదా, చదివేవాళ్ళు ముందు దాన్నే చూస్తారు, ముందు దాన్నే మరిచిపోతారు. ఆ బొమ్మ మూలన చీమంత సంతకం ఉంటుంది. అలాంటి చీమలను కొన్ని వేలు కాగితాల మీదికి వదిలిన చెయ్యి ఆమెది. కాపురం కర్నూలులో, పుట్టింది కమలాపురం దగ్గర నల్లబండలు తీసే పల్లెలో. ఆ సాయంత్రం కడపలో ఒక గ్రంథాలయం హాల్లో ఆమె బొమ్మలన్నీ కలిపి వేసిన పుస్తకం విడుదల. అట్ట మీద ఉన్నది ఆమె మొదటి అచ్చు బొమ్మ: వంటింటి గడప పక్కన కత్తిపీట ముందు కూర్చుని ఉర్లగడ్డలు కోస్తూ ఏడుస్తున్న కోడలు. ఉర్లగడ్డలంటే మీ పుస్తకాల్లో బంగాళాదుంపలు. ఆ బొమ్మ గురించి ఆమె ముప్పై ఏళ్ళుగా ఒక అబద్ధం చెబుతోంది. ఈ సాయంత్రం మళ్ళీ చెప్పాలి. ఈసారి దాన్ని వినడానికి కన్నతల్లి సోమక్క ముందు వరసలో కూర్చోబోతోంది. అదీ సంగతి.

మైదుకూరు దాటగానే బస్సుకు ముందు ఒక లారీ వచ్చి చేరింది, నిండా ఎర్రగడ్డల, అదే మీ ఉల్లిపాయల, మూటలు, వల సంచుల్లోంచి పొట్టు ఎగిరి కిటికీలోకి వస్తోంది, ఒక పొర వచ్చి ఆమె చీర కుచ్చిళ్ళ మీద వాలింది, గులాబీ రంగు, సీతాకోక రెక్కంత పలచన, ఈ రంగు రావాలంటే కుంచెకు నీళ్ళే ఎక్కువ ఉండాలి అని చెయ్యి అనుకుంది, మనసు కాదు, చెయ్యి. ఆమెకు ఎప్పుడూ అంతే, ఏదైనా ముందు చేతికి తెలుస్తుంది, తలకు తర్వాత కబురందుతుంది. ఒళ్ళో సంచి, సంచిలో నాలుగు మడతల కాగితం, కాగితంలో నాలుగు నిమిషాల మాటలు. పుస్తకం వేసిన రంగనాథ్ పొద్దున్నే ఫోన్ చేసి, "మేడం, తక్కినవి చెప్పినా చెప్పకపోయినా ఆ ఉల్లిగడ్డను బంగాళాదుంప చేసిన సంగతి మాత్రం ఇడిసిపెట్టొద్దండి, జనం దానికోసమే వస్తాండారు" అన్నాడు. అట్ట వెనక కూడా అదే అచ్చు వేశాడు: రచయిత ఉల్లిగడ్డలని రాస్తే కావాలనే వాటిని బంగాళాదుంపలుగా మార్చి ఒక కన్నీటికి అర్థం చెప్పిన చిత్రకారిణి అని. కావాలనే. ఆ ఒక్క మాట అన్నంలో రాయిలా పంటికి తగులుతోంది, ఉమ్మేద్దామంటే అచ్చయిపోయింది, మింగుదామంటే ముప్పై ఏళ్ళుగా మింగుతూనే ఉంది, లోపల చోటు లేదు.

కావాలని వేసే తెలివి ఆ ఇరవై ఏళ్ళ పిల్లకు ఎక్కడిది. అప్పటికి ఆమెకు తెల్లకాగితం అంటేనే భయం. నాయన బండల గనిలో పనిచేసేవాడు, ఇంటి చుట్టూ అంచులు విరిగి ఎవరూ కొనని నల్లబండలు, వాన పడితే నిగనిగలాడే పలకలు. సుద్దరాయితో వాటి మీద గీసేది, కోళ్ళను, పొరుగింటి కృష్ణవేణమ్మ ముక్కుబిళ్ళను, పలుగు ఎత్తిన మనుషుల వీపులను. చెంబెడు నీళ్ళు పోస్తే అంతా జారిపోయేది, మళ్ళీ నల్లగా మొదలు. "పొద్దుగూకులా బండకు నీళ్ళు పోస్తాండావు, ఏమన్నా మొలుస్తాదా మ్మే?" అని కృష్ణవేణమ్మ గోడ మీదుగా దెప్పేది. మొలిచింది, కానీ తలకిందులుగా మొలిచింది. నలుపు మీద తెల్లగా గీసి పెరిగిన చెయ్యి వెలుతురును గీసి చీకటిని వదిలేయడం నేర్చుకుంది. కాగితం దగ్గరికి వచ్చేసరికి చీకటిని గీసి వెలుతురును వదలాలి. అందుకే మొదట్లో ఒక్కో బొమ్మకు సగం సిరాబుడ్డి ఖాళీ అయ్యేది, మొహాలు చీకట్లోంచి అప్పుడే బయటికి వస్తున్నట్టు ఉండేవి, ఇదేం బొగ్గుల వ్యాపారం అని బళ్ళో డ్రాయింగు మాస్టరు నవ్వాడు, తర్వాత తర్వాత దాన్నే శివకుమారి శైలి అన్నారు. శైలీ లేదు, పాడూ లేదు. బండలు.

లారీ కుదిపినప్పుడల్లా వాసన కమ్ముకొస్తోంది, ముందు సీటులోని చంటిది తుమ్మింది, కళ్ళలో సన్నగా మంట, ఇప్పుడెవరైనా నన్ను చూస్తే ఏడుస్తున్నాననుకుంటారు, అనుకోనీ, ఎర్రగడ్డలమ్మా అంటే సరిపోతుంది, అదే కదా ఆ కథలో కోడలు అన్న మాట. ఆ కథ ఆమె ముందుగా చదవనే లేదు. ఈ పనిలో అది మామూలే, కథ పంపరు, చీటీ పంపుతారు, కథ చదవని మనిషి కథకు మొహం గీయాలి. పత్రిక చివరి పేజీలో చిరునామా చూసి బొమ్మలు పంపితే మూడుసార్లు తిరిగి వచ్చాయి, నాలుగోసారి బొమ్మలు రాలేదు, ఒక కార్డు వచ్చింది, హైదరాబాదు నుంచి, సంపాదకుడు సుదర్శన్, సూదితో కుట్టినంత సన్నని అక్షరాలు: ‘సన్నివేశం. కోడలు వంటింట్లో ఉల్లిగడ్డలు కోస్తూ ఏడుస్తోంది. వెడల్పు రెండు కాలమ్‌లు. శుక్రవారం లోపు అందాలి.’ ఆ కార్డును ఆమె గడపలో నిలబడి గట్టిగా చదివింది. సోమక్క చాట కింద పెట్టి వింది, అక్షరం రాని మనిషి, చదివేది వింటే చాలు అర్థం తనే చెబుతుంది. "ఉల్లిగడ్డలంటే ఏంటివిమా?" "ఉర్లగడ్డలేలే పాపా. పట్నమోళ్ళు గదా, నాజూగ్గా అంటారు." అంతే, అయిపోయింది. కడప పల్లెల్లో కళ్ళు మండించేది ఎర్రగడ్డ, మట్టిరంగుది ఉర్లగడ్డ, బడి పుస్తకంలో ఒకటి ఉల్లిపాయ, ఒకటి బంగాళాదుంప. ఈ నాలుగు పేర్లలో ఉల్లిగడ్డ లేనే లేదు. హైదరాబాదు వాళ్ళు ఎర్రగడ్డనే ఆ పేరుతో పిలుస్తారని తల్లికీ తెలియదు, బిడ్డకూ తెలియదు.

ఇంట్లో ఉర్లగడ్డలు లేకపోతే కృష్ణవేణమ్మను నాలుగు అడిగి తెచ్చింది. మధ్యాహ్నం ఎండ గడప దాటి లోపలికి ఒక జానెడు వస్తుంది, ఆ జానెడు వెలుతురులో సోమక్కను కూర్చోబెట్టింది. "ఏడ్సే మొగం ఎట్ల పెట్టల్ల పాపా? మీ జేజి, అదే మా అత్త, సచ్చిపోయినపుడు పెట్టినట్ల పెట్టల్లనా? అప్పుడు గూడా కొంగు అడ్డం పెట్టుకుంటి గాని నాకు ఏడుపు రాల్యా" అని ఒకటే నవ్వించింది. కొంచెంసేపటికి కుదురుగా కూర్చుంది, తొక్క తీసింది, కోసింది, మళ్ళీ ఇంకొకటి. ఎప్పుడు మొదలైందో తెలియదు, చూస్తే నిజంగానే కళ్ళు నిండి ఉన్నాయి, ఒక చుక్క చెంప మీదికి దిగి గడ్డం కింద ఆగింది, సోమక్క తుడుచుకోలేదు. అమ్మ ఎంత బాగా నటిస్తోంది అనుకుంది శివకుమారి, అనుకుని ఆ చుక్క ఉన్నంత మేరా కాగితాన్ని తెల్లగా వదిలేసింది, చుట్టూ సిరా నింపింది. కోసి పెట్టిన ముక్కలు గాలికి నల్లబడ్డాయి, ఆ నలుపు కూడా వేసింది. ఆ రాత్రి ఆ ముక్కలే తాళింపు పెట్టుకుని తిన్నారు.

ఊ కొట్టండి, ఊ. పత్రిక వచ్చింది, కథ అప్పుడు చదివింది. కోడలు ఏడుస్తుంటే అత్త అడుగుతుంది, ఎందుకే ఏడుస్తున్నావని. ఉల్లిగడ్డలత్తా, కళ్ళు మండుతున్నాయి, అంటుంది కోడలు. ఉర్లగడ్డలకు కళ్ళు మండడమేమిటి, పాపం అత్తకు భయపడి నోటికొచ్చింది చెబుతోంది కాబోలు, అని శివకుమారి అమాయకంగా ఆ కోడలి మీద జాలిపడింది. వారానికి సుదర్శన్ ఉత్తరం. ‘మీరు చేసిన మార్పు చూసి ముందు తప్పనుకున్నాం, బొమ్మ ఆపేద్దామనుకున్నాం. తర్వాత అర్థమైంది. కావాలనే చేశారు కదూ? ఇకపై ప్రతి వారం మీకు చీటీ వస్తుంది.’ ఏ మార్పు, ఏం చేశాను, ఉత్తరాన్ని తిప్పి తిప్పి చూసింది, తెలియలేదు. తెలిసిందల్లా చివరి వాక్యం. ప్రతి వారం. ఆ రెండు మాటల కోసం ఏం అడిగినా ఔననేదే. ‘అవునండి, కావాలనే చేశాను’ అని కార్డు రాసి డబ్బాలో వేసింది. ఆ చిన్న చప్పుడు ఇప్పటికీ వినిపిస్తుంది, కార్డు డబ్బా అడుగున పడిన చప్పుడు.

ఏం కావాలని చేసిందో ఆమెకు ఏడాది తర్వాత కర్నూలులో తెలిసింది, పెళ్ళయి వచ్చిన నెలలో, కూరగాయల అంగట్లో, హనుమన్న అనే అంగడాయన చెబితే. ఉర్లగడ్డల కోసం పోయి, పట్నం మాటలో "ఉల్లిగడ్డలు ఒక కిలో ఈయప్పా" అంటే ఆయన ఎర్రగడ్డలు తూకం వేసి సంచిలో పోశాడు. "ఇవి ఎర్రగడ్డలు గదప్పా" అంది. "ఎరుపో తెలుపో, ఉల్లిగడ్డ అంటే ఇదే తల్లీ. నీకు ఆలుగడ్డ గావాలంటే ఆలుగడ్డ అనల్ల. యాడి నుంచి వస్తిరి మీరు, కడప తట్టునా? ఈ మాటకు మా అంగట్లో ఏడాదికి ఇద్దరు ముగ్గురు కడప కోడండ్లు తగవు పెట్టుకుంటారులే" అని పకపకా నవ్వాడు. ఆమె నవ్వలేదు. సంచి పట్టుకుని అక్కడే నిలబడింది, చుట్టూ జనం తోసుకుంటూ పోతున్నారు, ఒక్కొక్కటే తెరుచుకుంది, కార్డు, అమ్మ మాట, కథలో కోడలు, సుదర్శన్ ఉత్తరం. ఉల్లిగడ్డలు కోస్తే ఎవరైనా ఏడుస్తారు, ఉర్లగడ్డలు కోస్తూ ఏడ్చేది దుఃఖం ఉన్న మనిషే. కోడలు అత్తకు అబద్ధం చెప్పింది, బొమ్మ పాఠకుడికి నిజం చూపించింది. అదంతా తన తెలివని ఆయన అనుకున్నాడు. ఇంటికి పోయి నిజం రాద్దామనుకుంది. ఇంట్లో ఆ వారం చీటీ వచ్చి ఉంది. బొమ్మ మొదలుపెట్టింది.

తర్వాత ఎన్ని చీటీలు! రైలు పట్టాల మీద ముసలాయన, బావి దగ్గర గొడవ, తుపాకి పట్టుకున్న జమీందారు, సన్నివేశం సన్నివేశం సన్నివేశం. బొమ్మను గొట్టంలో చుట్టి ఇస్తే మొగుడు ఉమామహేశ్ సైకిలు మీద కర్నూలు స్టేషనుకు పోయి హైదరాబాదు రైలుకు అందించేవాడు, వాన వస్తే తన చొక్కా విప్పి గొట్టానికి చుట్టేవాడు, "నేను తడిస్తే ఆరతాను, నీ కోడండ్లు తడిస్తే ఆరతారా?" అనేవాడు. పత్రికలు ఒక్కొక్కటే మూతపడ్డాయి, వయోజన విద్య వాచకాలకు వేసింది, గాలికుంటు జబ్బు గోడపత్రికలకు గొడ్ల నాలుకలు వేసింది, విత్తనాల పొట్లాల మీద పండని మిరపకాయలు వేసింది, పెళ్ళిపత్రికల వినాయకుళ్ళు ఎన్నో. పాళీ మొన అరిగితే రాతి మీద నూరుకునేది, పాళీలు దొరకకుండా పోతే కంప్యూటరుకు తగిలించే గాజుపలక మీద గీయడం నేర్చుకుంది, తమ్ముడి కూతురు సుజన నేర్పింది, "అత్తా, ఇది నీ బండలాంటిదే, తుడిస్తే పోతాది" అంటే అప్పుడు భయం వదిలింది. ఎవరు కలిసినా అడిగేది మాత్రం ఆ మొదటి బొమ్మ గురించే. రేడియోలో అడిగారు, పిల్లలకు పాఠం చెప్పమని పిలిచి అడిగారు. చెప్పింది. చెప్పగా చెప్పగా అబద్ధానికి మెరుగొచ్చింది, ‘ఆ రాత్రంతా ఆలోచించాను’ అని కూడా చేర్చింది ఒకచోట, సిగ్గు లేకుండా. ఎన్నో ఏళ్ళకు, ఇక నిజం చెప్పేద్దామని తెగించిన ఏడాదే సుదర్శన్ పోయాడు.

నెల కింద ఒక ప్రెస్సు వాళ్ళు కంప్యూటరే గీసిన బొమ్మ ఒకటి పంపారు, చేతికి ఆరు వేళ్ళున్నాయి మేడం, ఒకటి తీసెయ్యండి చాలు అని. తెరిస్తే ఎవరో అమ్మాయి, వంటిల్లు, ఉల్లిగడ్డలు, చెంపల మీద ముత్యాల్లాంటి నీళ్ళు, ఎక్కడా తప్పు లేదు. దానికి ఉల్లిగడ్డ అంటే ఉల్లిగడ్డే, దానికి కమలాపురం తెలియదు. వేలు తీసేసింది. తీసేసి చాలాసేపు ఆ కన్నీళ్ళను చూస్తూ కూర్చుంది. ఇవి ఎవరివి అని ఎవరినైనా అడగాలనిపించింది. అడగడానికి ఎవరూ లేరు. మరి నా బొమ్మలో ఉన్నవి ఎవరివి? అమ్మవి. ఎందుకు వచ్చాయి అని నేనెప్పుడైనా అడిగానా? ముప్పై ఏళ్ళు. అమ్మ నటించింది అనుకుని, దాని మీద ఇల్లు కట్టుకుని కాపురం ఉన్నాను.

ఖాజీపేట దాటింది. లారీ ఇంకా ముందే ఉంది. ఈ సాయంత్రం నిజం చెబితే ఏమవుతుంది? నవ్వుతారు, తప్పు వేసి పేరు తెచ్చుకున్న మనిషని. నవ్వనీ, అది కాదు. నిజం చెప్పాలంటే ఆ తప్పు ఎక్కడ పుట్టిందో చెప్పాలి, మా అమ్మకు అర్థం తెలియక ఉర్లగడ్డలని చెప్పిందని నిండు సభలో చెప్పాలి, ముందు వరసలో కొత్త చీర కట్టుకుని కూర్చున్న అమ్మ ఎదుట, పది మంది తిరిగి అమ్మ వైపు చూస్తుంటే. చెప్పకపోతేనో, అమ్మ నోటి మాట, అమ్మ మొహం, అమ్మ కన్నీళ్ళు, అన్నీ తీసుకుని, కావాలనే నేనే చేశాను అని మళ్ళీ అమ్మ ఎదుటే అనాలి. ఏది ఎక్కువ పాపం? చెయ్యి అప్పటికే ఫోన్ తీసింది.

సుజన ఎత్తింది. "అత్తా, మేము కడప బస్టాండులోనే ఉండాం. జేజి పొద్దున నాలుగింటికే లేసి తలకు పోసుకుని కూసుంది, నన్ను నిలబడనీల్యా." ఫోన్ సోమక్క చేతికి వెళ్ళింది, చెవికి దూరంగా పట్టుకుందేమో, బస్టాండు మొత్తం వినిపిస్తోంది.

"అమ్మా, ఆ పొద్దు నువ్వు చెప్పింది తప్పుమా. ఆ కార్డులో ఉన్నది ఎర్రగడ్డలు."

"ఏ కార్డు?"

"నా మొదటి బొమ్మదిమా. ఉల్లిగడ్డలంటే ఎర్రగడ్డలంట. నువ్వు ఉర్లగడ్డలన్నావు, నేను అవే వేసినాను. అందరికీ కావాలనే వేసినానని చెప్పుకుంటాండా ఇన్నేండ్లు."

అటువైపు నుంచి సోమక్క నవ్వు, పళ్ళు ఊడిన నోటి నవ్వు, గాలి ఎక్కువ. "ఓసి నీ పాసుగాల! మంచిదే అయింది గదా. ఎర్రగడ్డలైతే నేను ఏడ్సింది నీకెట్ల కనపడు?"

 సుదర్శన్ ఉత్తరం రాసి మెచ్చుకున్నది, శివకుమారి ముప్పై ఏళ్ళు సభల్లో చెప్పింది, రంగనాథ్ అట్ట వెనక వేసింది, అమ్మ ఒక్క ఊపిరిలో అనేసింది.

"అమ్మా, నువ్వు నిజంగానే ఏడ్సినావా?"

"నటించేకి నాకేం నాటకాలు వస్తాయా పాపా?"

"ఏంటికి మా? ఏం జరిగింది ఆ పొద్దు?"

"ఏం జరగల్యా." వెనక ఎవరో రాయచోటి రాయచోటి అని అరుస్తున్నారు. "అంతసేపు నా మొగం తట్టు ఎవురూ సూడల్యా పాపా. మా అమ్మ సూడల్యా, ఎనిమిది మంది బిడ్డలు ఆమెకు. మీ నాయన గూడా సూడల్యా, పొద్దంతా గని పనే పాపం. నువ్వు సూస్తాంటివి, గీస్తాంటివి, మల్లా సూస్తాంటివి. ఏందో, నేనొక మనిషిని ఉండాను అనిపిస్తాండ్య. నీళ్ళు దిగినాయి. తుడుసుకుందామనుకుంటి, నీ బొమ్మకు పనికొస్తాదిలే అని ఇడిసిపెడితి."

చెన్నూరు దగ్గర పెన్న వంతెన ఎక్కింది బస్సు, కింద ఇసుక, ఇసుకలో ఒక సన్నని నీటిపాయ, నల్లబండ మీద సుద్దతో గీసినట్టు. లారీ పక్కకు తప్పుకుని ఎటో వెళ్ళిపోయింది, వాసన పోయింది, గాలి శుభ్రంగా ఉంది, ఎర్రగడ్డల మీదికి నెట్టేద్దామంటే ఇక కుదరదు, కళ్ళు మాత్రం ఆగలేదు. పక్క సీటావిడ చూసి, "ఏమైందమ్మా, ఒంట్లో బాగలేదా?" అని అడిగింది. ఏం లేదమ్మా, ఏడుస్తాండా, అంది శివకుమారి. ఆవిడ తలూపి, తన దగ్గర ఉన్న నీళ్ళ సీసా మూత తీసి ఇచ్చింది.

కడప బస్టాండులో సోమక్క నిలబడి ఉంది, కొత్త చీర, చేతిలో టిఫిను డబ్బా. "ఉర్లగడ్డల తాళింపు, నీకని. మీ కర్నూల్లో దొరకవంట గదా" అంది, కళ్ళు చికిలించి. శివకుమారి డబ్బా తీసుకోలేదు, ముందుకు కదల్లేదు. "పా పోదాం, పొద్దుపోతాది. ఏంది మ్మే అట్ల సూస్తాండావు?" "ఊరకుండుమా, కొంచేపు" అంది. జనం అటూ ఇటూ తోసుకుంటూ పోతున్నారు. ఆమె చూస్తూనే ఉంది. ఈసారి చేతిలో కాగితం లేదు, చెయ్యి ఏమీ అనుకోలేదు.

సభలో ఆమె ఏం చెప్పింది అంటారా? సంచిలోని మడత కాగితం మడతల్లోనే ఉండిపోయింది. నాకు ఉల్లిగడ్డ అంటే తెలియదు, మా అమ్మకు కూడా తెలియదు, మా అమ్మ ఏడ్చింది, నేను చూశాను, నేను చేసింది అంతే, అంది. జనం తిరిగి సోమక్క వైపు చూశారు. సోమక్క కొంగు అడ్డం పెట్టుకోలేదు. రంగనాథ్ మాత్రం తల పట్టుకున్నాడు, ఎందుకంటే అట్ట వెనక ‘కావాలనే’ అని అచ్చయి ఉంది, ఆ పుస్తకాలు అప్పటికే ఊళ్ళకు వెళ్ళిపోయాయి. అచ్చులో అబద్ధమే ఉంది బిడ్డలారా, దాన్ని ఇక ఎవరూ చెరపలేరు, అది బండ కాదు. నిజం నోటిలో మాత్రమే ఉంది. అందుకే మిమ్మల్ని దగ్గరికి పిలిచింది. ఆ పుస్తకం ఎవరి చేతిలో కనబడినా పక్కన కూర్చుని ఈ సంగతి చెప్పండి. అన్నీ గుర్తు లేకపోయినా ఫరవాలేదు, ఊర్ల పేర్లు తప్పినా ఫరవాలేదు. ఆ బొమ్మలోని మనిషి పేరు మాత్రం తప్పొద్దు. సోమక్క. ఏదీ, ఒకసారి మీరనండి, వింటాను.